పరదేశపు పంచదార, పల్లె బజారు

గ్రామసభలలో పంచదార ప్రస్తావన రెండు విధములుగా వచ్చుచుండును. పండుగ ముందు ధర పెరిగినచో, "దేశమున ఇంత చెరకు పండుచుండగా ఈ ధర యేమి? బయటి దేశములలో చౌకగా దొరకినప్పుడు తెప్పించి యియ్యరాదా?" అని కొనువారు అడుగుదురు. తెప్పించుచున్నారని పత్రికలో పడిన మరునాడు చెరకు రైతు లేచి, "మా బకాయిలు తీరకమునుపే ఓడలు దింపుచున్నారా?" అని అడుగును. కోస్తా జిల్లాలలో పర్యటించు సందర్భమున మేము ఈ రెండు ప్రశ్నలను ఒకే రచ్చబండ మీద, ఒకే గంటలో విన్నాము. అడిగిన ఇద్దరును ఇరుగుపొరుగువారు. ఇంకను చిత్రమేమన, చెరకు పండించు ఆ రైతు ఇంటను టీలోనికి పంచదార కొనియే వాడుచున్నారు.

ఇద్దరి మాటలోను న్యాయమున్నది. పంచాయతీ సభ్యుడు ఇద్దరి పక్షమునను నిలువవలసినవాడు. కావున పరదేశమునుండి పంచదార వచ్చుట మంచిదా, చెడ్డదా అను వాదములోనికి దిగుటకన్న, అది ఎప్పుడు నిర్ణయింపబడినది, ఏ రూపమున వచ్చినది, ఎవరి పంట చేతికి వచ్చు వేళకు రేవులో దిగినది అని విచారించుట మేలని మేము తలచుచున్నాము. పంచదార దిగుమతిలో మేలును కీడును నిర్ణయించునది ముఖ్యముగా కాలము. గత అనుభవములు రెండు మూడు చూచిన ఈ సంగతి స్పష్టమగును.

మొదట, చెరకు పండు దేశమునకు దిగుమతి యేల అను సందేహము తీర్చుకొందము. మన దేశపు పంచదార ఉత్పత్తి ఏటేట ఒక్క తీరున ఉండదు. 2006-07 చక్కెర సంవత్సరమున సుమారు 283 లక్షల టన్నులు తయారైనది. రెండేండ్లు తిరుగకమునుపే, 2008-09లో, అది 145 లక్షల టన్నులకు పడిపోయినది. ఆ రెండేండ్లలో తినువారు సగమైపోలేదు గదా! ఈ ఎగుడుదిగుడులకు వానలు ఒక కారణము. 2016-17లో మహారాష్ట్ర, కర్ణాటకములలో అనావృష్టి వలన ఉత్పత్తి 203 లక్షల టన్నులకు తగ్గినది. కాని వానలకన్న లోతైన కారణము వేరొకటి కలదు.

ధర బాగున్న ఏట రైతులు చెరకు విరివిగా వేయుదురు. మొక్కతోట కోతకు వచ్చుటకు పది పండ్రెండు నెలలు పట్టును. దానిపై కార్శి తోట మరి ఒకటి రెండేండ్లు నిలుచును. కావున ఒకసారి పెరిగిన విస్తీర్ణము తలచినంతనే తగ్గదు. గోదాములలో బస్తాలు పేరుకొనును, ధర దిగును, కర్మాగారములు రైతులకు సొమ్ము నిలిపివేయును. బకాయిపడిన రైతు విసిగి చెరకు దుబ్బులు దున్నివేసి వేరు పంట వేసికొనును. రెండేండ్లకు పంచదార కరవు వచ్చును, ధర మరల ఎగురును. అనగా నేటి బకాయియే ఎల్లుండి దిగుమతికి విత్తనమగుచున్నది. దిగుమతిని నిందించు రైతుకును, ధరను నిందించు గృహిణికిని ఈ లంకె తెలియజెప్పుట సభ్యులు చేయదగిన పని.

పూర్వకథ కొంత చెప్పవలసియున్నది. "షుగరు" అను ఇంగ్లీషు మాటకు మూలము మన "శర్కర". అట్టి దేశము ఇరువదవ శతాబ్ది తొలి దశకములలో తెల్ల పంచదార కొరకు జావా ద్వీపముపై ఆధారపడినది. ఏటేట లక్షల టన్నులు ఓడలపై వచ్చెడివి. మన రైతు బెల్లము వండుకొనుచుండెను, పట్టణములు జావా పంచదార తినుచుండెను. టారిఫ్ బోర్డు విచారణ పిమ్మట 1932లో చక్కెర పరిశ్రమ రక్షణ చట్టము వచ్చి, పరదేశపు పంచదారపై హండ్రెడ్‌వెయిట్‌కు 7 రూపాయల 4 అణాల సుంకము విధింపబడినది. అప్పటికి దేశమున ముప్పదికి అటునిటుగా నున్న కర్మాగారములు నాలుగైదేండ్లలో నూట ముప్పది దాటినవి. మన తెలుగునాట బోధనులో నిజాం చక్కెర కర్మాగారము 1937లో వెలసినది. ఆ కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడుట చదువరులకు తెలిసినదే. దాని చుట్టుపట్ల గ్రామములలో చెరకు తోటల జాడ ఎంతగా తగ్గినదో ఆ ప్రాంతపు సభ్యులు మాకన్న బాగుగా చెప్పగలరు.

ఇక వచ్చు సరకు సంగతి. పరదేశపు పంచదార అనినంతనే తెల్లని గింజలు గల బస్తాలు మన కన్నుల ముందు నిలుచును. వాస్తవముగా ఇటీవలి దశాబ్దములలో మనకు వచ్చినదానిలో పెద్ద భాగము ముడి చక్కెర. ఇది గోధుమ వన్నె కలిగి, ప్రతి గింజ చుట్టును మడ్డి పొర అంటుకొని, కొంచెము జిగటగా నుండును. దీనిని బస్తాలకెత్తక ఓడ అడుగు గదిలో ఇసుక పోసినట్లు పోసి తెత్తురు. తెల్ల పంచదారను అట్లు తెచ్చిన చెమ్మ తగిలి, మురికి కలిసి పాడగును. దానికి బస్తాలు కావలెను, ఎక్కించుటకు దించుటకు కూలి ఎక్కువగును. అందుచేత ముడి సరకు తెచ్చుకొని మన గడ్డపై శుద్ధి చేసికొనుట లాభకరము. శుద్ధి చేయు కూలియు మనకే మిగులును.

శుద్ధి చేయు విధానము తెలిసియుండుట మంచిది. ఏలయన రేషను పంచదార "తెల్లగా లేదు, కల్తీ జరిగినది" అను ఫిర్యాదు పంచాయతీకి తరచుగా వచ్చుచుండును. ముడి చక్కెరను మొదట వేడి పాకముతో కలిపి, గిరగిర తిరుగు యంత్రపు తొట్టిలో వేసి, గింజపైనున్న మడ్డి పొరను వదల్తురు. పిమ్మట వేడినీట కరగించి, సున్నము చేర్చి, బొగ్గుపులుసు వాయువు గాని ఫాస్ఫారిక్ ఆమ్లము గాని కలిపి మలినములను విరిచి వడగట్టుదురు. మిగిలిన రంగును ప్రత్యేకమైన బొగ్గుతోనో, రెజిను గుళికలతోనో పీల్చివేయుదురు. ఆ తేట పాకమును గాలి తీసివేసిన పాత్రలో తక్కువ వేడిమిపై మరిగించి మరల గింజ కట్టింతురు. మన చెరకు కర్మాగారములు పెక్కు ఈ రెండవ కరగింపు లేకయే, చెరకు రసమునకే సున్నమును, గంధకపు పొగను పట్టించి నేరుగా తెల్ల పంచదార తీయును. రంగును కొలుచుటకు ఇకుంసా అను అంతర్జాతీయ కొలత యున్నది. బాగుగా శుద్ధియైన పంచదార దానిలో 45కు లోపుండును. మన కర్మాగారపు పంచదార సాధారణముగా 100, 150 ప్రాంతమున నుండును. అంకె పెరిగినకొలది వన్నె తగ్గును. తీపిలో మాత్రము నాలుకకు తెలియు భేదమేమియు లేదు. బస్తాపై వ్రాసిన ఎం-30, ఎస్-30 అను గుర్తులలో అక్షరము గింజ పరిమాణమును, అంకె రంగును తెలుపును. ఎస్ అనగా సన్న గింజ. సన్న గింజ వచ్చినంత మాత్రమున అది రవ్వ కలిపిన పంచదార కాదు.

మన కాకినాడ వద్దనే ముడి చక్కెరను దింపుకొని శుద్ధి చేయు కర్మాగారము కలదు. అయితే అచ్చట శుద్ధియైన సరకు ప్రధానముగా పరదేశములకే పోవును. తిరిగి ఎగుమతి చేయు షరతుపై ముడి సరకును సుంకము లేకుండ తెచ్చుకొను పద్ధతి చట్టములో నున్నది. సుమారు నూట అయిదు టన్నుల ముడి చక్కెర తెచ్చి నూరు టన్నుల తెల్ల పంచదార పంపుట ఇందులోని లెక్క. కావున రేవులో చక్కెర ఓడ నిలిచినంతనే మన బజారుపై పరదేశపు సరకు వచ్చి పడినదని రైతులు కలతపడవలసిన పనిలేదు. ఆ ఓడ ఏ పద్ధతిపై వచ్చినదో విచారింపవలెను.

ఇప్పుడు కాలము మాట. ప్రపంచమున మిక్కిలిగా పంచదార అమ్ము దేశము బ్రెజిలు. అచ్చట కొనుగోలు కుదిరి, ఓడ దొరకి, రేవులో వంతు వచ్చి, సరకు నిండి, సముద్రము దాటి, ఇచ్చట దిగి, శుద్ధియై, రైలెక్కి, లారీ ఎక్కి జిల్లా గోదాము చేరుటకు రెండు మూడు నెలలు పట్టుట సామాన్యము. దీపావళికి కావలసిన పంచదారను వానకాలము తొలి రోజులలోనే కొనవలెనని దీని భావము. దీపావళి నాడు కొన్నది సంక్రాంతి దాటి వచ్చి, కొత్త చెరకు గానుగ కెక్కియున్న వేళ బజారులో పడి, రైతు ధరను క్రుంగదీయును. ఆలస్యమైన దిగుమతి ఇట్లు కొనువానికి ఉపకరింపక పండించువానికి అపకారము చేయును.

1994వ సంవత్సరపు అనుభవము దీనికి నిదర్శనము. 1993-94 ఉత్పత్తి సుమారు 98 లక్షల టన్నులు కాగా, దేశపు వాడకము 110 లక్షల టన్నులకు పైబడియుండెను. లోటు ముందుగనే కనిపించుచుండినను, ఎవరు కొనవలెను, ఎంత కొనవలెను, ప్రభుత్వ సంస్థలు కొనవలెనా వర్తకులు కొనవలెనా అను తర్కములో కాలము గడచిపోయినది. ఎవరైనను సుంకము లేకుండ తెచ్చుకొనవచ్చునని 1994 మార్చిలో అనుమతి యిచ్చిరి. అప్పటికి భారతదేశము కొననున్నదని ప్రపంచ బజారంతటికిని తెలిసిపోయినది, ధరలు పైకెగసినవి. సంతకు వచ్చిన పెద్ద బేరగాడు తన అవసరము ముందుగా చాటుకొన్న పిమ్మట ఎవరు చౌకగా ఇత్తురు? ఇచ్చట వినియోగదారుడు హెచ్చు ధర చెల్లించినాడు. జ్ఞాన్ ప్రకాశ్ విచారణ జరిగినది. ఆ ఏడాది డిసెంబరులో ఆహార శాఖ మంత్రి పదవి వదలుకొనిరి. ఇంతలో హెచ్చు ధర చూచి రైతులు చెరకు విరివిగా వేయగా, 1995-96లో ఉత్పత్తి 164 లక్షల టన్నులకు చేరినది. దానితో కొరత పోయి మిగులు చిక్కులు వచ్చినవి.

రెండవ అనుభవము 2009 నాటిది. దీనిని మేము మరింత ముఖ్యమైనదిగా నెంచుచున్నాము. ఈసారి తలుపు కొంత ముందుగనే తెరిచినారు. 2009 తొలి నెలలలోనే ముడి చక్కెరపై సుంకము సడలినది, ఏప్రిల్‌లో ప్రభుత్వ సంస్థలకు తెల్ల పంచదార తెచ్చుటకు కూడ అనుమతి కలిగినది. ఓడలు వచ్చినవి. కాని ఉత్తర ప్రదేశములో చెరకు ధర విషయమై రైతులు ఆగ్రహించియున్న సమయమది. కర్మాగారములు పరదేశపు ముడి చక్కెరను వండుకొనినచో తమ చెరకును తక్కువ ధరకు అడుగునని వారు భయపడిరి. ఆ భయము నిరాధారమని మేము అనజాలము. 2009 నవంబరులో ఆ రాష్ట్ర ప్రభుత్వము తమ కర్మాగారములలో ఈ సరకు శుద్ధి చేయరాదని ఆపివేసినది. అదే నెలలో చెరకు రైతులు వేలాదిగా ఢిల్లీ నగరమునకు తరలివచ్చి ప్రదర్శన సలిపిరి. కాండ్లా మొదలగు పశ్చిమ తీరపు రేవులలో లక్షల టన్నుల ముడి చక్కెర కదలక నిలిచిపోయినది. రేవులో కుప్పలు, బజారులో కొరత! 2010 జనవరిలో కొన్ని నగరములలో చిల్లర ధర కిలో 45 రూపాయలు దాటినది. రెండేండ్లకు ముందు అది ఇరువది రూపాయలకు లోపుండెడిది. ఈ సరకును ఇతర రాష్ట్రములలో శుద్ధి చేసికొనవచ్చునని కేంద్ర ప్రభుత్వము ఆ జనవరిలో సమ్మతించిన పిమ్మట గాని చిక్కు విడలేదు. రైతుకు న్యాయమైన ధర ముందుగా కుదిరియున్నచో ఆ ఓడల సరకు ఆలస్యము లేకుండ బజారు చేరియుండెడిది గదా యని మాకు తోచుచున్నది.

ఈ తలుపునకు గొళ్లెము దిగుమతి సుంకము. చెరువు తూము వంటిది. పైరు ఎండునప్పుడు ఎత్తవలెను, కోతలప్పుడు దింపవలెను. 2017 ఏప్రిల్‌లో అనావృష్టి దృష్ట్యా 5 లక్షల టన్నుల ముడి చక్కెరను సుంకము లేకుండ రానిచ్చిరి. జూలైలో నూటికి 40గా నున్న సుంకమును 50కి పెంచిరి. 2018 ఫిబ్రవరిలో, చెరకు విరివిగా పండిన ఏట, నూటికి నూరు చేసిరి. సుమారు పది నెలలలో తూము ఎత్తుటయు దింపుటయు రెండును జరిగినవి. ఈ విషయమున 1994 నాటికన్న మెలకువ హెచ్చినదని చెప్పవచ్చును.

ధర లెక్క కూడ కొంచెము చూడవలెను. 2025-26 కాలమునకు కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన చెరకు గిట్టుబాటు ధర, నూటికి 10.25 పంచదార దిగుబడిపై, క్వింటాలుకు 355 రూపాయలు. అనగా కిలో పంచదారలో చెరకు ఖర్చే సుమారు 34 రూపాయల 63 పైసలు. ఆపై గానుగ ఖర్చు, వడ్డీ, రవాణా, వర్తకుని లాభము చేరును. మడ్డి, పిప్పి, వాటినుండి వచ్చు సారాయము, విద్యుత్తు అమ్మగా వచ్చు సొమ్ము కొంత భారము తగ్గించును. కర్మాగారము పంచదారను ఇంతకన్న తక్కువకు అమ్మరాదని 2018 జూన్‌లో కిలోకు 29 రూపాయలు, 2019 ఫిబ్రవరిలో 31 రూపాయలు కనీస ధరగా నిర్ణయించిరి. పంచదార ధర పాతికకు దింపుమని గ్రామసభలో ఎవరైన కోరినచో ఈ లెక్క వారి ముందుంచుడు. ఆ ధర వచ్చినది రైతు బకాయి నుండియే.

చాలకాలము కర్మాగారములు తమ ఉత్పత్తిలో ఒక భాగమును ప్రభుత్వమునకు తక్కువ ధరకు లెవీగా ఇచ్చెడివి. ఆ సరకే రేషను దుకాణమునకు వచ్చెడిది. 2002లో నూటికి పదికి దిగిన ఆ లెవీ 2013లో పూర్తిగా రద్దయినది. అప్పటినుండి రాష్ట్రములు బహిరంగ విపణిలో కొనుచున్నవి. కర్మాగారపు ధర కిలో 32 రూపాయలుగా నెంచి, అందులో 18 రూపాయల 50 పైసలు కేంద్రము భరించు ఏర్పాటు జరిగినది. తరువాత ఇది అంత్యోదయ కుటుంబములకు నెలకు ఒక కిలో చొప్పున పరిమితమైనది. 2024 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గము దీనిని 2026 మార్చి 31 వరకు పొడిగించినది. రాష్ట్రము టెండరు పిలిచి కొనవలసియుండుటచే, బజారు ధర ఎక్కిన నెలలో సరఫరాదారులు వెనుకాడుట, దుకాణమునకు సరకు ఆలస్యముగా వచ్చుట జరుగుచుండును. దుకాణదారు "పంచదార రాలేదు" అనినప్పుడు అది నిజము కావచ్చును, కాకపోవచ్చును. మండల స్థాయి నిల్వ కేంద్రమునుండి ఆ నెల ఎన్ని బస్తాలు విడుదలైనవో అడిగినచో నిజము తేలును. ఆహార భద్రతా చట్టము 2013 ప్రకారము దుకాణ స్థాయిలో నిఘా సంఘముండవలెను. స్థానిక సంస్థలు సామాజిక తనిఖీ జరుపవచ్చును. చట్టము హామీ యిచ్చినది ధాన్యములకే యైనను, దుకాణము ఒక్కటే గనుక తనిఖీలో పంచదార బస్తాను విడిచిపెట్టనక్కరలేదు.

తనిఖీకి వెళ్లిన సభ్యులు చూడవలసినవి కొలదిగా నున్నవి. బస్తాపై కర్మాగారము పేరు, తయారైన చక్కెర సంవత్సరము, గింజ గుర్తు, 50 కిలోల నికర తూకము అచ్చువేసియుండును. బస్తాలు నేలపై గాక చెక్కలపై, గోడకు ఎడముగా నుండవలెను. పంచదార గాలిలోని తేమను ఇట్టే పీల్చుకొనును. గుప్పెట పట్టి వదలినప్పుడు గింజలు జలజల రాలక ముద్ద కట్టినచో తేమ చేరినదన్నమాట. వానకాలమున ఇది సహజముగను జరుగును. తూకము పెంచుటకు ప్రక్కన తడి గోనె పరచియుంచు నేర్పరులును లేకపోలేదు. కావున ముద్ద కనిపించిన దినమున బస్తాను తూచి చూడుడు. 50 కిలోలకన్న ఎక్కువ తూగిన సంతసింపక కారణమడుగుడు.

రైతు పక్షమున అడుగవలసినదియు ఒకటి కలదు. 1966 చెరకు నియంత్రణ ఉత్తరువు ప్రకారము చెరకు అప్పగించిన 14 దినములలో కర్మాగారము సొమ్ము చెల్లింపవలెను. మించిన కాలమునకు నూటికి 15 చొప్పున సాలుసరి వడ్డీ ఇయ్యవలెను. ఈ నిబంధన ఎరుగని రైతులు నేటికిని పెక్కురున్నారు. తూకపు చీటీలు జాగ్రత్త చేసికొననివారు అంతకన్న ఎక్కువ.

చక్కెర సంవత్సరము అక్టోబరు 1వ తేదీన మొదలగును. మరునాడు గాంధీ జయంతి నాటి గ్రామసభ. ఊరిలో ఎన్ని ఎకరముల చెరకు నిలిచియున్నది, గత కాలపు బకాయి ఎవరెవరికి ఎంత రావలసియున్నది, గడచిన పండ్రెండు నెలలలో రేషను పంచదార ఏయే నెల రాలేదు అను మూడు లెక్కలను ఒకే కాగితముపై వ్రాసి ఆ సభలో చదివించి, ఒక ప్రతిని చెరకు అధికారికి, ఒక ప్రతిని తహశీల్దారుకు పంపవచ్చును.